సినిమా చదువుకు ఢిల్లీ: ఏ కాలేజీ దేనికి పనికొస్తుంది

2024 సెప్టెంబరులో ఆస్కార్ పోటీకి భారత్ తరఫున 'లాపతా లేడీస్' ఎంపికైంది. ఆ సినిమా దర్శకురాలు కిరణ్ రావు మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయి. ఆమె తాత జె. రామేశ్వరరావు వనపర్తి రాజవంశీకుడు. మహబూబ్‌నగర్ ఎంపీగా పనిచేశారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. కిరణ్ రావు మాత్రం సినిమా చదువు హైదరాబాద్‌లో చదవలేదు, ముంబయిలోనూ చదవలేదు. ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ చేశారు. ఆ తర్వాత ముంబయి వెళ్లి 'లగాన్' (2001) సినిమాకు దర్శకత్వ శాఖలో పనిచేశారు. సొంతంగా 'ధోబీ ఘాట్' తీయడానికి మరో పదేళ్లు పట్టింది.

చదువు ఢిల్లీలో, పని మరోచోట. రాజధాని ప్రాంతంలోని సినిమా కాలేజీల గురించి ఆలోచించే తెలుగు విద్యార్థి మొదట గమనించాల్సింది ఈ దారినే. ఢిల్లీలో టీవీ వార్తల పరిశ్రమ ఉంది, డాక్యుమెంటరీ సంప్రదాయం ఉంది, నాటకరంగం ఉంది. హైదరాబాద్, చెన్నై, ముంబయిల్లో ఉన్నలాంటి కథాచిత్రాల పరిశ్రమ మాత్రం లేదు. అందుకే ఇక్కడి సంస్థల్లో ఏది మంచిదని అడిగితే జవాబు దొరకదు. విద్యార్థి ఏం కావాలనుకుంటున్నాడో తేలాకే దేన్ని ఎంచుకోవాలో తేలుతుంది.

జామియా: నలభై ఏళ్ల పేరు

జామియాలోని ఎ.జె.కె. మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్ 1982లో మొదలైంది. అప్పటి వైస్ చాన్స్‌లర్ అన్వర్ జమాల్ కిద్వాయ్ దాన్ని స్థాపించారు. అంతకుముందు ఆయన కేంద్ర సమాచార, ప్రసార శాఖ కార్యదర్శిగా పనిచేసినవారు. కెనడాలోని టొరంటోలో ఉన్న యార్క్ యూనివర్సిటీ సహకారం అందించింది. కెనడా డాక్యుమెంటరీ దర్శకుడు జేమ్స్ బెవరిడ్జ్ పాఠ్యక్రమాన్ని రూపొందించడంలో పాలుపంచుకున్నారు. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. ఇది డాక్యుమెంటరీ వైపు మొగ్గిన కేంద్రం. 1980ల్లో దూరదర్శన్‌లో మధ్యాహ్నం పూట వచ్చిన యూజీసీ పాఠాలు గుర్తున్నవారికి మరో సంగతి ఆసక్తి కలిగించవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా, సీఫెల్ కేంద్రాలు ఆ కార్యక్రమాలు తయారుచేసినట్లే ఢిల్లీలో ఈ కేంద్రం తయారుచేసేది.

ఇక్కడ ప్రధానమైనది రెండేళ్ల ఎంఏ మాస్ కమ్యూనికేషన్. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినవారైనా రాయవచ్చు. రాత పరీక్ష ఉంటుంది, దాని తర్వాత ఇంటర్వ్యూ. పేరు చూసి ఇది జర్నలిజం కోర్సు అనుకునేవారు చాలామంది. నిజానికి ఫొటోగ్రఫీ, రేడియో, టీవీ స్టూడియో, డాక్యుమెంటరీ, చిన్న కథాచిత్రం అన్నీ ఇందులో చేతులతో చేసి నేర్చుకోవాల్సినవే. క్యాంపస్‌లో 90.4 ఎఫ్ఎంలో రేడియో జామియా నడుస్తుంది. వార్తల వైపు వెళ్లాలనుకునేవారికి కన్వర్జెంట్ జర్నలిజం అనే వేరే ఎంఏ ఉంది. దరఖాస్తు దశలోనే ఈ రెండింటి తేడా తెలియక తప్పు గడి నింపేవాళ్లకు ఒక ఏడాది పోతుంది.

పూర్వ విద్యార్థుల జాబితా ఈ కేంద్రం స్వభావాన్ని ప్రాస్పెక్టస్ కంటే బాగా చెబుతుంది. షారుక్ ఖాన్ ఇక్కడ చేరి, నటన కోసం మధ్యలో వదిలేశారు. కబీర్ ఖాన్, హబీబ్ ఫైసల్ ఇక్కడి నుంచి ముంబయి వెళ్లి దర్శకులయ్యారు. రాహుల్ రాయ్, సబా దీవాన్ డాక్యుమెంటరీలతో ఢిల్లీలోనే నిలిచారు. 'రైటింగ్ విత్ ఫైర్' తీసిన రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ ఇక్కడివారే. దళిత మహిళలు నడిపే 'ఖబర్ లహరియా' పత్రిక మీద తీసిన ఆ డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ పొందింది. మరుసటి ఏడాది శౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' ఆ స్థాయికి వెళ్లింది. ఆయనా ఇక్కడే చదివారు. గాయపడిన గద్దలకు చికిత్స చేసే ఢిల్లీ అన్నదమ్ముల కథ అది. రాయిటర్స్ ఫొటో జర్నలిస్టు దానిష్ సిద్దిఖీ కూడా జామియా విద్యార్థే. 2018లో పులిట్జర్ అందుకున్న బృందంలో ఆయన ఉన్నారు, 2021 జులైలో అఫ్గానిస్థాన్‌లో విధి నిర్వహణలో చనిపోయారు.

ఈ పేర్లలో డాక్యుమెంటరీవాళ్లు చాలామంది ఉన్నారు. ఛాయాగ్రాహకులుగా, ఎడిటర్లుగా, సౌండ్ డిజైనర్లుగా కథాచిత్రాల్లో స్థిరపడినవారి పేర్లు అంత తొందరగా తట్టవు. అది ఈ కేంద్రం లోపమేమీ కాదు. రెండేళ్లలో అన్నీ కొంత కొంత నేర్పే కోర్సు ఒక్క విద్యలో నిపుణుణ్ని తయారుచేయదు. కెమెరా ఒక్కటే లోతుగా నేర్చుకోవాలనుకునేవారికి పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనో మూడేళ్ల కోర్సు తగినది.

జామియా విషయంలో తెలుగు కుటుంబాలకు తరచూ ఆలస్యంగా తెలిసే సంగతి రిజర్వేషన్లది. 2011లో జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ దీన్ని మైనారిటీ సంస్థగా ప్రకటించింది. అప్పటి నుంచి సగం సీట్లు ముస్లిం అభ్యర్థులకు కేటాయిస్తున్నారు. మిగతా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఉన్నట్లు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కోటా ఇక్కడ లేదు. కోటా మీద ఆధారపడే విద్యార్థి జామియాతో పాటు పుణే, కోల్‌కతా, జేఎన్‌యూలకు కూడా దరఖాస్తు పెట్టుకోవడం అవసరం. ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే తక్కువ. హాస్టల్ సీటు మాత్రం ఖాయం కాదు. బయట గది తీసుకుంటే నెల ఖర్చు ఫీజును మించిపోవచ్చు. మెజెంటా లైన్‌లో జామియా పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది కాబట్టి గది ఆ చుట్టుపక్కలే ఉండాలనేమీ లేదు.

నటన కావాలంటే మండీ హౌస్

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా సినిమా కాలేజీ కాదు. అయినా నటన కోసం ఢిల్లీ వెళ్లేవారికి దీని తర్వాతే ఏదైనా. సంగీత నాటక అకాడమీ 1959లో దీన్ని ప్రారంభించింది, 1975లో స్వతంత్ర సంస్థ అయింది. 1962 నుంచి పదిహేనేళ్లు ఇబ్రహీం అల్కాజీ డైరెక్టర్‌గా ఉన్నారు. ఈ సంస్థ క్రమశిక్షణ ఆయన పెట్టిందే. నసీరుద్దీన్ షా, ఓం పురి, ఇర్ఫాన్ ఖాన్, నవాజుద్దీన్ సిద్దిఖీ, పంకజ్ త్రిపాఠీ ఇక్కడివారు. తెలుగు ప్రేక్షకులకు మరింత దగ్గరి పేర్లు కూడా ఉన్నాయి. 'సీతారామయ్యగారి మనవరాలు'లో బామ్మగా నటించిన రోహిణీ హట్టంగడి, 'జయం మనదేరా'తో పరిచయమైన అతుల్ కులకర్ణి, 'పోకిరి'లో ఎస్సై పశుపతిగా భయపెట్టిన ఆశిష్ విద్యార్థి ఈ స్కూల్లో చదివినవారే.

కోర్సు మూడేళ్లు. డిగ్రీ అయినవారికే ప్రవేశం. ఎంపికైన విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు, అంటే నేర్చుకునేందుకు డబ్బు కట్టడం కాదు, పుచ్చుకోవడం. అయితే షరతు ఒకటుంది. కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపించాలి, హిందీ, ఇంగ్లిష్‌లలో పని నడపగలగాలి. తెలుగు విద్యార్థికి గట్టి అడ్డం ఈ రెండో షరతే. ఇక్కడ బోధనా రంగస్థలమూ హిందీలోనే నడుస్తాయి. హిందీ పలుకుబడి సరిగ్గా లేని కుర్రాడికి మొదటి ఏడాదంతా భాషతో కుస్తీ పట్టడమే సరిపోతుంది. పరీక్షకు ముందు ఒకట్రెండేళ్లు స్థానిక నాటక బృందాల్లో పనిచేసి, హిందీలో చదివి పలికే సాధన చేసినవాళ్లు ఈ ఇబ్బంది కొంత దాటగలరు. సినిమా కెమెరా ముందు నటించడం నేర్పడం ఈ స్కూలు ప్రధాన లక్ష్యం కాదన్నదీ మరిచిపోకూడదు. నసీరుద్దీన్ షా, ఓం పురి ఇద్దరూ ఇక్కడ ముగించుకుని మళ్లీ పుణే వెళ్లి చదివారు.

సినిమా చూడటం నేర్పేవి

జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఏస్థెటిక్స్ ఉంది. సినిమాను ఒక అధ్యయన శాస్త్రంగా చదవాలంటే దేశంలో ఇంతకంటే గట్టి చోట్లు కొన్నే ఉన్నాయి. ఇరా భాస్కర్, రంజని మజుందార్ లాంటి పండితులు ఇక్కడ బోధించారు. ఎంఏ ప్రవేశం సీయూఈటీ పీజీ ద్వారా జరుగుతుంది. ఇక్కడ కెమెరా చేతికివ్వరు. సినిమా చరిత్ర, సిద్ధాంతం, విమర్శ చదివిస్తారు. పరిశోధకులు, విమర్శకులు, ఫెస్టివల్ నిర్వాహకులు కావాలనుకునేవారికి ఇది సరైన చోటు. దర్శకత్వం నేర్చుకుందామని ఇక్కడ చేరినవారికి నిరాశే మిగులుతుంది. ఆ నిరాశకు కారణం సంస్థ కాదు, ఎంపిక. జామియాలో పీజీ చేసి తర్వాత జేఎన్‌యూలో పీహెచ్‌డీ చేసిన శౌనక్ సేన్ లాంటివారు మాత్రం రెండు విద్యలనూ వాడుకున్నారు.

జేఎన్‌యూ పక్కనే ఉన్న ఐఐఎంసీతో వచ్చే గందరగోళం వేరే. 1965లో ప్రారంభమైన ఆ సంస్థ జర్నలిజం, ప్రకటనల రంగాలకు పేరుపొందింది. సినిమా నిర్మాణం నేర్పే సంస్థ కాదది. ఇంద్రప్రస్థ యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లోని జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ డిగ్రీలూ అంతే. వీడియో ప్రొడక్షన్ ఒకటి రెండు పేపర్లుగా ఉంటుంది. 'మీడియా కోర్సు' అన్న మాట కింద ఢిల్లీలో ఎన్నో రకాల చదువులు అమ్ముడవుతాయి.

రోహ్‌తక్‌లో నాలుగేళ్ల డిగ్రీ

ఇంటర్ అయిన వెంటనే సినిమానే డిగ్రీగా చదవాలనుకునేవారికి రాజధాని ప్రాంతంలో ప్రభుత్వ రంగంలో ఉన్న ముఖ్యమైన అవకాశం గురించి తెలుగునాట పెద్దగా తెలియదు. ఢిల్లీకి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో హర్యానాలోని రోహ్‌తక్‌లో దాదా లఖ్మీ చంద్ స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ పెర్ఫార్మింగ్ అండ్ విజువల్ ఆర్ట్స్ ఉంది. సుప్వా అనే అందరూ పిలుస్తారు. 2011లో ఫిల్మ్, ఫైన్ ఆర్ట్స్, డిజైన్ లాంటి విడివిడి ప్రభుత్వ సంస్థలుగా మొదలై, 2014లో ఒకే విశ్వవిద్యాలయమైంది. లఖ్మీ చంద్ హర్యానా జానపద నాటకమైన 'సాంగ్'కు ప్రాణం పోసిన కవి.

దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్, నటన ఇక్కడ వేర్వేరు శాఖలు. అంటే పుణే పద్ధతిలో ఒక విద్యను పట్టుకుని నాలుగేళ్లు సాగవచ్చు. జామియాకూ దీనికీ అసలు తేడా అదే. పద్దెనిమిదేళ్ల వయసులోనే 'నేను సౌండ్ చేస్తాను' అని తేల్చుకోగలిగిన విద్యార్థులు ఎంతమంది ఉంటారన్నది వేరే ప్రశ్న. రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి హర్యానా స్థానికులకు, ఇతర రాష్ట్రాల వారికి సీట్లు, ఫీజులు ఎలా ఉన్నాయో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూడాలి. క్యాంపస్ ఉన్నది ఢిల్లీలో కాదు. సాయంత్రం హాబిటాట్ సెంటర్‌లో సినిమా చూసి హాస్టల్‌కు చేరే జీవితం అక్కడ కుదరదు.

నోయిడా ప్రైవేటు బాట

నోయిడా సెక్టార్ 16ఎ లోని ఫిల్మ్ సిటీ 1980ల చివర్లో ఏర్పడింది. పేరు ఫిల్మ్ సిటీ, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది న్యూస్ చానళ్లు. ఇక్కడే సందీప్ మార్వా 1993లో ఏషియన్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ప్రారంభించారు. ఆ సమూహమే తర్వాత ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయం పెట్టింది. నోయిడాలోనే అమిటీ యూనివర్సిటీ కూడా ఉంది. ఇంకా చిన్నాచితకా అకాడమీలు బోలెడు. మూడు నెలల సర్టిఫికెట్ నుంచి మూడేళ్ల డిగ్రీ దాకా దొరుకుతాయి, ఫీజులు లక్షల్లోకి వెళ్తాయి.

ప్రైవేటు కాబట్టి చెడ్డదనుకోవడం తొందరపాటు. కఠినమైన ప్రవేశ పరీక్షల్లో నెగ్గలేని, అయినా నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న విద్యార్థికి పరికరాలు దొరికే చోటు అది. టీవీ వార్తలు, ప్రకటనలు, కార్పొరేట్ వీడియోల్లో పని వెతుక్కునేవారికి నోయిడాలో ఉండటమే ఒక లాభం. కానీ ఇక్కడి ప్రకటనల్లో ఒక కొత్త ఆకర్షణ చేరే వీలుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద సెక్టార్ 21లో వెయ్యి ఎకరాల ఫిల్మ్ సిటీకి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రణాళిక వేసింది. తొలి దశ 230 ఎకరాల బిడ్‌ను 2024 జనవరిలో బోనీ కపూర్ భాగస్వామ్యంలోని సంస్థ గెలుచుకుంది. కట్టాల్సిన స్టూడియోను చూపించి ఈ ఏడాది ఫీజు అడిగితే దానికి విలువ కట్టక్కర్లేదు.

ప్రైవేటు సంస్థ విషయంలో మొదటి ప్రశ్న డిగ్రీ ఎవరిస్తారన్నది. యూజీసీ చట్టం సెక్షన్ 22 ప్రకారం విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. అకాడమీ పేరు ఒకటి, డిగ్రీ మీద పేరు ఇంకొకటి అయితే ఆ రెండో పేరును యూజీసీ జాబితాలో సరిచూడాలి. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాల్లో ఢిల్లీ చిరునామాలు ఏటా గణనీయంగా కనిపిస్తాయి. సినిమా పనికి డిగ్రీ ఎవరూ అడగరన్నది నిజమే. కానీ అనుకున్నది జరగక బీఈడీకో, గ్రూప్స్‌కో, విదేశీ పీజీకో వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ కాగితమే అడుగుతారు.

రెండోది ఫీజు వాపసు. 2018 అక్టోబరు యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకంటే ముందు మానేస్తే ఫీజు మొత్తం తిరిగివ్వాలి. ఆ పదిహేను రోజుల లోపు అయితే 90 శాతం. గడువు దాటాక పదిహేను రోజుల్లో 80 శాతం, నెలలోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని కూడా యూజీసీ చెప్పింది. తర్వాతి సంవత్సరాల్లో ఈ నిబంధనలను విద్యార్థులకు మరింత అనుకూలంగా మారుస్తూ ఉత్తర్వులు వచ్చాయి కాబట్టి చేరే ఏడాది ఏది అమల్లో ఉందో చూడాలి. ఇవన్నీ యూజీసీ పరిధిలోని సంస్థలకే వర్తిస్తాయి. సొంతంగా డిప్లొమాలిచ్చే అకాడమీలో చేరేటప్పుడు రసీదు వెనక ముద్రించిన షరతులే చట్టం.

భవనం కాదు, సినిమాలు చూడాలి

కాలేజీ చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులకు ప్రివ్యూ థియేటర్, గ్రీన్ మ్యాట్, గోడ మీద తారల ఫొటోలు చూపిస్తారు. చూడాల్సింది గత ఏడాది విద్యార్థులు తీసిన సినిమాలు, అదీ చివరి టైటిల్స్ దాకా. ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ పేర్ల దగ్గర విద్యార్థులున్నారా, బయటి నుంచి కూలికి తెచ్చుకున్నవారున్నారా అన్నది అక్కడ తేలుతుంది. శబ్దం వినాలి. బొమ్మ ఇప్పుడు ఫోన్‌తోనూ బాగా వస్తుంది. సంభాషణ శుభ్రంగా వినిపిస్తే అక్కడ ఎవరో సరిగ్గా నేర్పుతున్నారని అర్థం. ఒక కెమెరాకు ఎంతమంది విద్యార్థులు, పూర్తికాలం అధ్యాపకులు ఎందరు, చివరి సినిమా ఖర్చు ఎవరిది అన్నవి లాంఛనంగా కాకుండా, చదువుతున్న విద్యార్థులను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడగాలి.

చాలామంది అడగనిది హక్కుల ప్రశ్న. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. డిప్లొమా చిత్రానికి డబ్బు పెట్టింది కాలేజీ అయితే సాధారణంగా హక్కు కాలేజీదవుతుంది. ఫెస్టివల్‌కు పంపాలన్నా, యూట్యూబ్‌లో పెట్టాలన్నా అనుమతి కావాలి. ఖర్చంతా విద్యార్థిదై, హక్కు మాత్రం కాలేజీదనే ఒప్పందం ముందుకు వస్తే సంతకం పెట్టేముందు రెండుసార్లు చదవాలి.

ఇక భాష. ఢిల్లీలో చదివే తెలుగు విద్యార్థి తన సినిమా తెలుగులో తీయగలడా? 2024లో కాన్ ఫెస్టివల్ విద్యార్థి చిత్రాల విభాగం లా సినెఫ్‌లో మొదటి బహుమతి గెలిచింది పుణే విద్యార్థి చిదానంద ఎస్. నాయక్ సినిమా. అది కన్నడంలో, కన్నడ జానపద కథ ఆధారంగా తీసింది. ఆయన అంతకుముందు మైసూరులో వైద్య విద్య చదివారు, పుణేలో చేసింది ఏడాది టెలివిజన్ కోర్సు. మాతృభాషలో తీసేందుకు సంస్థ ఒప్పుకుంటే ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పే ఉదాహరణ ఇది. ఢిల్లీలో తెలుగు నటీనటులను వెతకడం కష్టమే. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో భోజనం దొరికినంత సులువుగా తెలుగు నటులు దొరకరు. డాక్యుమెంటరీ అయితే చివరి సెమిస్టర్‌లో సొంత జిల్లాకు వెళ్లి తీసుకురావచ్చు.

హైదరాబాద్‌తో పోల్చి చూస్తే

తెలుగు కథాచిత్రాలకు దర్శకత్వం చేయడమే లక్ష్యమైతే ఢిల్లీ చుట్టుదారి. 2011లో మొదలైన అన్నపూర్ణ ఫిల్మ్ స్కూల్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనుబంధంతో డిగ్రీ ఇస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో కమ్యూనికేషన్, రంగస్థల కళలు ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, సినిమా జరిగే ఊరు ఇది. 24 క్రాఫ్ట్స్ సంఘాలు, అసిస్టెంట్ డైరెక్టర్ల గదులు, కృష్ణానగర్ టీ కొట్లు అన్నీ ఇక్కడే. ఢిల్లీలో రెండేళ్లు చదివి వచ్చిన విద్యార్థి ఇక్కడ పరిచయాలు సున్నా నుంచి మొదలుపెట్టాలి. తోటి విద్యార్థులే సినిమాలో తొలి బృందం అవుతారు, ఆ బృందమంతా ముంబయి వెళ్లిపోతుంది.

అయినా టాలీవుడ్‌లో ఒకే దారి లేదు. శేఖర్ కమ్ముల అమెరికాలోని హోవార్డ్ యూనివర్సిటీలో చదివి వచ్చారు. రజనేశ్ దోమాలపల్లి కొలంబియా యూనివర్సిటీలో తన థీసిస్‌గా తీసిన 'వనజ' 2007 బెర్లిన్ ఫెస్టివల్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి తెచ్చింది. అసలు ఏ స్కూలూ చూడని దర్శకులు ఇంకెందరో. డాక్యుమెంటరీ, ఓటీటీ సిరీస్‌లు, అంతర్జాతీయ నిధులతో తీసే సినిమాలు లక్ష్యమైన విద్యార్థికి మాత్రం ఢిల్లీ ఇచ్చేది హైదరాబాద్ ఇవ్వలేదు. విదేశీ సాంస్కృతిక కేంద్రాలు, సిరి ఫోర్ట్, ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ ప్రదర్శనలు, గ్రాంటు దరఖాస్తు రాయడం తెలిసిన సీనియర్లు అక్కడే ఉన్నారు.

ఉద్యోగం మానేసి వెళ్లాలనుకునే ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఇంకో మెట్టు ఉంది. పుణే ఇన్‌స్టిట్యూట్ 2017 నుంచి వివిధ నగరాల్లో స్వల్పకాలిక కోర్సులు నడుపుతోంది. అవి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉంటాయి. ముందు అలాంటిదొకటి చేసి, వారాంతాల్లో ఒక పది నిమిషాల సినిమా తీసి చూస్తే దర్శకత్వం కావాలో, రచన కావాలో, ఎడిటింగ్ గదిలో కూర్చోవడమే ఇష్టమో కొంత తేలుతుంది. జామియా ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టడానికి ఒక పని కూడా చేతిలో ఉంటుంది.